కాగితం ఉన్న పిట్ట

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మేం పప్పులూ బియ్యం కొనుక్కునే దుకాణంలో తలుపు పక్కన ఒక బోర్డు ఉంటుంది. గది అద్దెకిస్తాం, డ్రైవింగ్ నేర్పుతాం, ఇంటి భోజనం పంపుతాం అని చీటీలు అంటించి ఉంటాయి. నేను దాన్ని ఎప్పుడూ చదవను. మొన్న శనివారం మా ఆవిడ ఒక్కో బెండకాయా కొస విరిచి చూసుకుంటుంటే, ఏమీ తోచక అటు చూశాను. రెండు చీటీల మధ్య ఒక ఫోటో ఉంది. కింద 'జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, ఒక ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఇచ్చారు. మనిషి బాగా చిక్కిపోయింది. జుట్టు తెల్లబడింది. కానీ ఎడమ పక్క కాస్త ఎక్కువ విచ్చుకునే ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది.

"ఎవరు?" అంది మా ఆవిడ.

"గిన్నె అక్క" అన్నాను.

మా వంటింట్లో పై అరలో ఒక స్టీలు గిన్నె ఉంది. బిగుతు మూత. అడుగున చుక్కలు చుక్కలుగా ఆమె పేరు చెక్కి ఉంటుంది. ఆ పేరు ఇక్కడ రాయను, తన పేరు ఎవరి కాగితం మీదన్నా కనపడిందంటే ఆమెకు గుండె దడ. ఇరవై ఏళ్ళు దాటింది, ఆ గిన్నెలో మేం ఏమీ వండలేదు, ఏమీ పెట్టలేదు. ఇల్లు మారినప్పుడల్లా బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. "మ్యూజియంలో పెట్టండి" అని మా ఆవిడ ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో.

చిరునామా చూస్తే మా ఇంటికి పది నిమిషాల దూరం. మూడేళ్ళ నుంచీ ఇక్కడే ఉందని దుకాణం అతను చెప్పాడు. నాకు తెలియదు. తెలిసుంటే వెళ్ళేవాణ్ణా అంటే, ఏమో, ధైర్యం చాలేది కాదేమో.

*

ఆమెను మొదట చూసింది ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌లో, వైటూకే ఏడాదిలో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిక్క తిక్కగా చేస్తాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలు చెయ్యడమే మా పని. దానికోసం కరీంనగర్ నుంచి నన్ను విమానం ఎక్కించి తెచ్చారంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. నన్ను తెచ్చిన కంపెనీ సిడ్నీలో ఉండేది. దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు, భద్రం కోసమట. వీసా వాళ్ళ పేరు మీద ఉంది కాబట్టి ఇంకెక్కడా పనిచెయ్యకూడదు. డార్విన్‌కి ఎవరూ వెళ్ళం అంటే, కొత్తవాణ్ణి కదా, నన్ను తోశారు.

డార్విన్ చూసినవాళ్ళకు తెలుస్తుంది. సముద్రం పక్కనే ఉంటుంది, దిగకూడదు, కుట్టి చంపే జెల్లీచేపలుంటాయి. ఏరు ఉంటుంది, దిగకూడదు, మొసళ్ళుంటాయి. ఇంకో పెద్ద ఊరికి కారులో పోవాలంటే రోజులకు రోజులు. వానలు పడితే ఆ దారీ మునుగుతుంది. వానలకు ముందు రెండు నెలలు మబ్బు పడుతుంది గానీ చుక్క రాలదు. ఆ ఉక్కలో మనుషులు ఊరికే ఒకళ్ళమీద ఒకళ్ళు కస్సుమంటారు. నేనైతే గోడల మీద కస్సుమనేవాణ్ణి, ఇంకెవరూ లేక.

ఒక ఆదివారం ఫోన్ బూత్‌లో నిలబడి మా అమ్మతో మాట్లాడుతున్నాను. ఏం తిన్నవ్ బిడ్డా అంటే, బ్రెడ్డు తిన్న అన్నాను. అప్పుడు బయటినుంచి ఎవరో అద్దం మీద ఠపఠపా కొట్టారు. చూస్తే ఒకామె. పొట్టి మనిషి, ముప్పై అయిదు దాకా ఉంటాయి, మెళ్ళో చిన్న సిలువ, చేతిలో ఫోన్ కార్డు.

తలుపు తీయగానే మొదలుపెట్టింది. "ఏంటి తమ్ముడూ, అంత దూరాన ఉన్న తల్లి ఏం తిన్నావని అడిగితే బ్రెడ్డు అంటావా? ఆ తల్లి ఈ రాత్రి నిద్రపోద్దా? కోడికూర తిన్నానని చెప్పు ముందు!"

నేను బిత్తరపోయి, మళ్ళీ ఫోన్ అందుకుని, కోడికూర తిన్న అమ్మా అన్నాను. తర్వాత ఆమె బూత్‌లోకి వెళ్ళింది. ఏలూరులో హాస్టల్లో ఉన్న కూతురితో మాట్లాడింది. ఆ పిల్లకు పదకొండేళ్ళు. తలుపు వేసుకున్నా ఆమె గొంతు వీధంతా వినిపించింది. "జడ వేసుకున్నావా? ఎవరేశారు? గట్టిగా లాగి వేశారా? జనవరిలో వస్తాయే కాగితాలు, జనవరిలో. ఇంకెంత, నాలుగు నెలలు." కార్డు అయిపోయి మధ్యలోనే తెగిపోయింది. రిసీవర్‌ను చెంగుతో తుడిచినట్టు చున్నీతో తుడిచి, పెట్టేసి, బయటికొచ్చి నా వైపు చూసింది.

"పద. అబద్ధం చెప్పించాను కదా, దాన్ని నిజం చేద్దాం. కోడి లేదు గానీ పిట్ట ఉంది."

*

ఆమె కొల్లేరు పక్క మనిషి. ఊళ్ళో నర్సు చదివింది, పెద్దాసుపత్రిలో ఎనిమిదేళ్ళు చేసింది. ఇక్కడ ఆ చదువు చెల్లదన్నారు. ముసలివాళ్ళను చూసుకునే ఒక హోమ్‌లో సహాయకురాలిగా పెట్టుకున్నారు. ఆమె వీసా కూడా ఆ హోమ్ పేరు మీదే. వాళ్ళు జనవరిలో ఒక కాగితం మీద సంతకం పెడితే, ఆమె ఇక్కడే ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు కూతుర్ని తెచ్చుకోవచ్చు. పోలీసు రికార్డులో గీత కూడా ఉండకూడదు. భర్త సంగతి ఆమె ఎత్తేది కాదు, నేనూ అడగలేదు.

మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నాకు వింతగా అనిపించింది. వంట మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచింది. ముందు తలుపు, వెనక తలుపు, బాత్రూమ్ కిటికీతో సహా. ఏసీ ఆపేసింది. దోమలు గుంపులుగా లోపలికొచ్చాయి.

"అక్కా, దోమలు తింటున్నయ్, జర కిటికీలన్న మూసుడు గాదా?"

"తిననీ. వాటికి కాగితం అక్కర్లా. నేను మాత్రం తలుపులేసి పిట్ట వండను."

కుక్కర్ పది కూతలు కూశాక మూత తీసింది. చింతపండు పులుసు, ధనియాలు వేయించి దంచిన మసాలా, ఆ వాసనకు పక్కింటి తెల్లాయన కుక్క వచ్చి గుమ్మంలో కూర్చుంది. కంచం నా ముందు పెట్టి, దాని పక్కన ఒక కాగితం పెట్టింది. ప్లాస్టిక్ తొడుగు వేయించిన కాగితం, పైన ప్రభుత్వ ముద్ర.

"ముందు చదువు. తర్వాత తిను."

చదివాను. ఫలానా సీజన్లో, ఫలానా చోట్ల, రోజుకు ఇన్ని మించకుండా మాగ్‌పై గూస్ అనే అడవి బాతుల్ని సొంత తిండికి వేటాడుకోవచ్చని అనుమతి. కింద ఆమె పేరు.

"తుపాకీకి వేరే ఉంది. అది కూడా చూస్తావా?"

"వద్దక్కా, నమ్ముతున్న."

"నమ్మకం ఎవడిక్కావాలి? కాగితం ఉందిగా!"

ఆ మాట నేను ఆ నాలుగు నెలల్లో వందసార్లు విని ఉంటాను. బస్సులో టికెట్ అడిగినవాడికి, చర్చిలో 'మీరు వేటాడతారా' అని కళ్ళు పెద్దవి చేసిన కేరళ ఆంటీకి, ఆఖరికి గుమ్మంలో కూర్చున్న కుక్కకు కూడా అదే మాట చెప్పేది.

ముక్క కొరికితే పంటి కింద సన్నటి ఇనప గుండు తగిలింది. "ఉమ్మెయ్, ఉమ్మెయ్! అది సర్కారువారి గుర్తు" అని పకపకా నవ్వింది. మాంసం గట్టిది. కానీ ఆ రోజు నేను తిన్నట్టు పెళ్ళిళ్ళలో కూడా తినలేదు.

తింటుంటే చెప్పింది. వాళ్ళ నాన్న కొల్లేట్లో వలలు పెట్టి పిట్టలు పట్టేవాడట. పట్టకూడదని చట్టం వచ్చింది. పట్టడం తప్ప ఆయనకు ఇంకేం రాదు. తెచ్చిన పిట్టల్ని ఊకలో దాచేవాళ్ళు. వాళ్ళమ్మ తలుపులు బిగించి, కిటికీలకు గోనెలు కట్టి, పొయ్యి మీద పొగలో దగ్గుతూ వండేది. బొమికలు పెరట్లో గొయ్యి తీసి పూడ్చేవాళ్ళు. పిల్లలు బయట కాపలా.

"ఒకరోజు నేను కాపలా ఉన్నాను. ఎనిమిదేళ్ళు నాకు. గోళీలు ఆడుతూ వాళ్ళు రావడం చూళ్ళేదు. అడవి శాఖవాళ్ళు వీధి మొదట్లోకి వచ్చేశారు. మా అమ్మ ఏం చేసిందో తెలుసా? ఉడుకుతున్న కూర గిన్నెతో సహా ఎత్తి కాలవలో పడేసింది. రెండు చేతులూ బొబ్బలు. ఆ గిన్నె ఆవిడ పుట్టింటిది. నాన్నని మాత్రం తీసుకుపోయారు, ఊకలో ఈకలు దొరికినియ్యి."

ఆమె ఇంకో ముక్క నా కంచంలో వేసింది.

"అందుకే ఇక్కడ తుపాకీ లైసెన్సు కోసం పది నెలలు తిరిగాను. పరీక్ష రాశాను. ఇనప పెట్టె కొని గోడకి బిగించాను. మా ఇంట్లో మొదటిసారి తలుపులు తీసి పిట్ట వండింది నేనే తమ్ముడూ. నా కూతురొచ్చాక దానికీ ఇట్టాగే పెడతా. అది భయం లేకుండా తినాలి."

వెళ్ళేటప్పుడు మిగిలిన కూర ఆ స్టీలు గిన్నెలో పెట్టి ఇచ్చింది. ఇస్తూ, "ఖాళీగా తే" అంది.

నేను నవ్వాను. మా అమ్మ ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరన్నా వేస్తుంది. అదే చెప్పాను.

"మా అమ్మా అంతేలే. కానీ ఈ మాంసం అమ్మకూడదు తమ్ముడూ, ఊరికే పెట్టొచ్చు అంతే. నువ్వు గిన్నెలో ఏదన్నా పెట్టి తెచ్చావనుకో, మాంసం ఇచ్చి సరుకు తీసుకుంది అనొచ్చు ఎవడైనా. ఎందుకొచ్చిన గొడవ? కడిగి, తుడిచి, ఖాళీగా తే. చిటికెడు చక్కెర కూడా వద్దు."

ఇంత చాదస్తం ఏంటి అనుకున్నాను. నిజం చెప్పాలంటే పైకి కూడా అన్నాను.

*

ఒకసారి నన్ను వేటకు తీసుకెళ్ళింది. తెల్లారకముందే బయల్దేరి ఊరవతల, వేటకు వదిలిన చిత్తడి దగ్గరికి చేరాం. ఆమె ఒంటి మీద హోమ్‌లో వాడి పారేసిన ప్యాంటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, టోపీలోకి దోపిన జడ. కారు దిగగానే అక్కడి తనిఖీ ఉద్యోగి కనిపించాడు. ఆయన నోరు తెరవకముందే ఈమె కాగితాలన్నీ బానెట్ మీద పరిచింది.

"అమ్మా, పోయిన వారం చూశాను, అంతకు ముందు వారమూ చూశాను" అన్నాడాయన ఇంగ్లీషులో, చేతులు జోడించినంత పనిచేసి.

"ఈ వారం చూడలేదుగా. చూడు" అంది. ఆయన చూసేదాకా కదల్లేదు.

తెల్ల బెరడు చెట్ల మధ్య తుంగలో కూర్చున్నాం. కొల్లేరు ఇట్టాగే ఉండేదని గుసగుసగా చెప్పింది. తూరుపు ఎర్రబడుతుంటే పిట్టలు రావడం మొదలైంది, నలుపూ తెలుపూ, తల మీద బొడిపె, ఒకటే గోల. ఆమె తుపాకీ ఎత్తి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. తర్వాత అడిగాను, ఏం ప్రార్థించావని. "ప్రభువా, లెక్క తప్పకుండా చూడు అన్నా. గురి సంగతి నేను చూసుకుంటా."

పడిన పిట్టను పడినచోట వదిలేది కాదు. మొసలి బొమ్మ ఉన్న బోర్డు చూసి నేను వెనక్కి లాగినా, కర్రతో నీళ్ళు కొట్టుకుంటూ వెళ్ళి తెచ్చేది. "చంపి పారేసిపోతే దొంగతనం కంటే పాపం" అనేది. కాగితంలో ఉన్నన్ని అయ్యాక తుపాకీ విప్పి సంచిలో పెట్టేసింది. సరిగ్గా అప్పుడే బలిసిన బాతు ఒకటి పది అడుగుల దూరంలో వాలింది, మా వైపే చూస్తూ.

"అక్కా! గది చూడు, ఎంత పెద్దగున్నదో!"

"అయిపోయింది లెక్క."

"ఎవలు జూస్తరక్కా ఈడ?"

నా వైపు తిరిగింది. అంత కోపంగా ఆమె నన్నెప్పుడూ చూడలేదు. "మా నాన్న కూడా అదే అనేవాడు" అంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఎక్కువ మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక అంది, "నువ్వనుకుంటావు, ఇదంతా పిచ్చని. నాకు కదలడానికి ఉన్న చోటు ఈ కాగితమంత తమ్ముడూ. దాటితే నా పిల్ల అక్కడే ఉండిపోద్ది." నేను తలూపాను. తలూపాను గానీ నాకు ఎక్కలేదు.

*

డిసెంబరులో సిడ్నీ నుంచి ఒక స్నేహితుడు వచ్చాడు. మా అమ్మ అతని చేత సకినాలు పంపింది. ఆ వారమే ఆమె ఇచ్చిన బాతు వేపుడు గిన్నె నా దగ్గర ఉంది. కడిగాను, తుడిచాను. ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుంటే ఏదో అమర్యాద చేస్తున్నట్టు అనిపించింది. మా అమ్మ చేతి సకినాలు అక్క తినకపోతే ఇంకెవరు తింటారు? గిన్నె నిండా పేర్చాను. ఆమె చాదస్తాన్ని ఆటపట్టిద్దామని ఒక చీటీ కూడా రాశాను. అదీ ఆఫీసు పద్ధతిలో, ఇంగ్లీషులో, ఆర్డర్ ఫారం లాగా. 'అందిన సరుకు: ఒక బాతు. బదులుగా: సకినాలు, ఒక గిన్నె. వచ్చే వారం రెండు బాతులు పంపవలెను.' కింద సంతకం పెట్టి గీత కూడా గీశాను. తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆమె డ్యూటీలో ఉందని, హోమ్‌కి వెళ్ళి రిసెప్షన్‌లో ఇచ్చేసి వచ్చాను.

ఆ హోమ్‌లోకి బయటినుంచి తిండి ఏది వచ్చినా వంటగదివాళ్ళు తెరిచి చూస్తారు, ముసలివాళ్ళకు పడనిది ఏదన్నా ఉంటుందేమోనని. తెరిచారు. చీటీ చదివారు. మేనేజరు దాకా వెళ్ళింది. సాయంత్రానికల్లా మేనేజరు, తమ దగ్గర పనిచేసే ఆవిడ అడవి మాంసం అమ్ముతోందని వేట అనుమతులిచ్చే ఆఫీసుకు ఫోన్ చేసింది.

మూడో రోజు ఒక అధికారి నా ఆఫీసుకు వచ్చాడు. ఎండకు ఎర్రగా కమిలిన భారీ మనిషి. బల్ల మీద ఆ గిన్నె పెట్టాడు, పక్కన నా చీటీ.

"ఇది నువ్వు రాసిందేనా?"

అవునన్నాను. సరదాకి రాశానన్నాను. మా ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం, అది మర్యాద కాదు అని చెప్పాను. చెమటలు కక్కుతూ మా అమ్మ గురించి, చక్కెర గురించి కూడా చెప్పాను. ఆయన గిన్నెలోంచి ఒక సకినం తీసి కొరికాడు. కరకరమంది.

"అయితే ఇన్నాళ్ళూ ఇచ్చిన గిన్నెలన్నిట్లో ఇలాగే పెట్టి ఇచ్చావా?"

"లేదు. ఖాళీగా తెమ్మని ఆమె ఒట్టు పెట్టించుకునేది."

"మీ దేశంలో అది మర్యాద కాదన్నావుగా. మరి ఆమె ఎందుకలా అడుగుతుంది?"

"మీ వల్లే" అన్నాను. "మీ కాగితం వల్ల."

ఆయన నమలడం ఆపాడు. రాసుకుంటున్న నోటుపుస్తకం మూసి, తప్పేమీ కనిపించడం లేదనీ, అలాగే రాస్తాననీ, ఉత్తరం వస్తుందనీ చెప్పి గిన్నె నాకిచ్చి వెళ్ళిపోయాడు. మంచివాడు. కానీ ఉత్తరం నాలుగు నెలలకు గానీ రాలేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఉత్తరం వచ్చేదాకా సంతకం పెట్టేది లేదని మేనేజరు తేల్చేసింది. నేను వెళ్ళి ఆమె కాళ్ళావేళ్ళా పడ్డాను. విచారణలో ఉన్న సంగతి మాట్లాడకూడదు అంది, చిరునవ్వుతో.

అక్క ఇంటికి వెళ్ళాను. తిట్టిపోస్తుందనుకున్నాను. తిడితే బాగుండేది. కుర్చీలో కూర్చుని ఉంది, హోమ్ యూనిఫామ్ కూడా విప్పలేదు.

"జడ ఎవరేస్తున్నారే అంటే తనే వేసుకుంటున్నానంది నిన్న" అంది. "నేర్చుకుందంట."

"అక్కా, నా తప్పే. నాకు బుద్ధి లేదు."

"నీ తప్పేముంది. మీ అమ్మ నేర్పిన మర్యాద చేశావు. నేను కాపలా సరిగ్గా చూసుకోవద్దూ?"

ఆ మాటకు నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు.

*

జనవరి ఒకటి వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు, ఏ దీపమూ ఆరలేదు. వారం తిరక్కుండానే కంపెనీ నన్ను వెనక్కి రమ్మంది, ఇండియాకి టికెట్ కొన్నామంది. ఏడాదిపాటు బీరువాలో పెట్టుకున్న పాస్‌పోర్టు అప్పుడు మాత్రం చకచకా తీసి పంపించారు.

బయల్దేరే ముందు రోజు గిన్నె ఇచ్చేద్దామని వెళ్ళాను. కడిగి, తుడిచి, ఖాళీగా. వానలు దంచి కొడుతున్నాయి. తలుపు కొట్టాను. లోపల గొళ్ళెం తీసిన చప్పుడు, తర్వాత ఇంకో గొళ్ళెం.

ఇల్లంతా పొగ. కిటికీలన్నీ మూసి, వాటికి తువ్వాళ్ళు అడ్డం కట్టింది. నన్ను లోపలికి లాగి, వెంటనే తలుపు వేసేసింది. పొయ్యి మీద కుక్కర్ ఉంది. ఫ్రీజర్‌లో మిగిలిన ఆఖరి పిట్టలు. కాగితం ఉన్న పిట్టలే.

"అక్కా, తలుపు తియ్యవా? ఊపిరి ఆడ్తలేదు."

"వద్దులే. వాసన పోద్ది బయటికి."

దగ్గుతూ కలుపుతోంది. నేను ఆమె చేతుల వంక చూస్తూ నిలబడ్డాను. ఇద్దరం కుక్కర్ కూత వినిపించినప్పుడల్లా తలుపు వైపు చూశాం.

నేను తెచ్చిన గిన్నెలోనే కూర పెట్టి మళ్ళీ నా చేతికిచ్చింది. "విమానంలో తిను. దిగేసరికి ముక్క కూడా మిగల్చకు."

"గిన్నె ఎట్ల తెచ్చిచ్చుడు అక్కా?"

"ఎప్పుడన్నా వస్తావుగా. ఖాళీగా తే" అని నవ్వబోయింది, ఎడమ పక్క మాత్రం కదిలింది.

నేను అయిదేళ్ళకు మళ్ళీ ఈ దేశం వచ్చాను, మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాను. ఉత్తరం రాయొచ్చు, ఫోన్ చేయొచ్చు. ఆ పిల్ల వచ్చిందో లేదో అడగాలంటే భయం. లేదంటుందేమోనని అడగలేదు. నేను పిరికివాణ్ణి, అంతకంటే ఇంకేం లేదు.

*

ప్రార్థన కూడిక రోజున గిన్నె దించి తోముతుంటే మా ఆవిడ, "మనిషి పోయిన ఇంటికి ఖాళీ గిన్నె పట్టుకెళ్తారా? నాలుగు పళ్ళన్నా పెట్టండి" అంది. వద్దన్నాను. కూడిక అయి అందరూ వెళ్ళిపోయాక వెళ్ళాను.

తలుపు తీసింది కూతురే. ముప్పై ఏడేళ్ళుంటాయి, నర్సట. తల్లి పోలిక కళ్ళలో ఉంది. గిన్నె అందుకుని అడుగున పేరు చూసి, "ఓ గాడ్, ఇది అమ్మది" అంది. లోపలికి రమ్మంది. మెల్‌బోర్న్ చలికాలం, వంటిల్లు మూసిన కిటికీలతో పొగచూరి ఉంది, వచ్చినవాళ్ళకు వండిన వాసనంతా అక్కడే నిలిచిపోయింది.

"సారీ అంకుల్, ఊపిరాడదు ఇక్కడ. అలవాటైపోయింది. అమ్మ వంట చేసేటప్పుడు అన్నీ మూసేసేది. డార్విన్‌లో ఆ వేడిలో కూడా. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు. నలభై డిగ్రీల్లో, ఇమాజిన్!"

నేను మూసిన కిటికీల వంక చూశాను.

ఆమె బైబిల్లోంచి ఒక కాగితం తీసుకొచ్చింది. ప్లాస్టిక్ తొడుగు పసుపు పచ్చగా మారింది. "ఇది ఇందులో ఉంది. షి హంటెడ్? అమ్మ తుపాకీ పట్టేదా? మీకు తెలుసా?"

చెప్పాను. కొల్లేరు చెప్పాను, కాలవలో గిన్నె చెప్పాను, లెక్క కోసం చేసిన ప్రార్థన చెప్పాను. సకినాలు, చీటీ, దాని మీద నా సంతకం, కింద గీసిన గీత, ఏదీ దాచలేదు. "జనవరిలో నువ్వు రావాల్సింది, నా వల్ల ఆగింది" అన్నాను.

ఆమె ఆ కాగితాన్ని మళ్ళీ బైబిల్లో పెట్టింది.

"రెండేళ్ళ పైన అంకుల్" అంది. "ఉత్తరం వచ్చేసరికి మేనేజరు మారింది, అంతా మొదటినుంచీ చెయ్యమన్నారట. నాకు పద్నాలుగు వచ్చాక తెచ్చుకుంది. కాగితాల వల్ల అనేది, నేను నమ్మలేదు. అమ్మకి నేను అక్కర్లేదేమో అనుకున్నాను. ఇక్కడికొచ్చాక కూడా ఏడాది దాకా తనతో సరిగ్గా మాట్లాడలేదు. తను మీ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు."

లేచి వెళ్ళి వంటింటి కిటికీ తీసింది. తర్వాత వెనక తలుపు తీసింది. ముందు తలుపు కూడా తీసింది. చలిగాలి రివ్వున లోపలికొచ్చింది. నేను వెళ్ళమంటోందనుకుని లేచాను.

ఆమె గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొద్దున వండిన కోడికూర గరిటెతో నింపింది, మూత బిగించింది, తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు మీ మీద చాలా కోపంగా ఉంది అంకుల్. అది ఇవాళ పోదు" అంది. "గిన్నె మాత్రం తెచ్చివ్వండి. వచ్చే ఆదివారం. ఖాళీగా తెండి."